తొలి దెబ్బ చెవికే
(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరు మీద మాట్లాడమని పిలుపు వచ్చినప్పుడు విషయం కోసం నేను ఆట్టే వెతుక్కోలేదు. చెవి, ముక్కు, గొంతు వైద్యం నేర్పినన్నాళ్లూ ఆయన పట్టుబట్టి చెప్పిన సంగతి ఒకటుంది. చప్పుడు వల్ల పోయే వినికిడిని పోకుండా ఆపడం మన చేతిలో ఉంది, పోయాక తెచ్చి ఇవ్వడం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. ఇక్కడి విశాఖపట్నం రేవులో ఇనప రేకుల మీద సుత్తి దెబ్బలు కొట్టేవాళ్లు, బాయిలర్ల లోపల దూరి పనిచేసేవాళ్లు నలభై ఏళ్లకే చెవుడు తెచ్చుకుని ఓపీకి వచ్చేవారు. మాస్టారు వాళ్ల చెవిలోకి లైటు వేసి చూడకముందే "ఏం పని చేస్తావు నాయనా?" అని అడిగేవారు. మాకు ఆయన చెప్పిన మొదటి పాఠం ఆ ప్రశ్నే. టెక్సస్‌లో ప్రాక్టీసు మొదలుపెట్టాక దానికి నేను ఇంకొకటి చేర్చుకోవలసి వచ్చింది: "మీ ఇంట్లో తుపాకీ ఉందా? చెవులకు ఏమీ పెట్టుకోకుండా ఎప్పుడైనా పేల్చారా?" అక్కడ ఈ ప్రశ్న అడగని చెవి డాక్టరు రోగి చరిత్ర సగమే రాసుకున్నట్టు.

ఇవాళ్టి ఉపన్యాసం ఆ ప్రశ్న గురించే. దొంగ చొరబడ్డాడని ఇంటి యజమాని తన ఇంట్లోనే, నాలుగు గోడల మధ్య, చెవులకు ఏ అడ్డూ లేకుండా తుపాకీ పేలిస్తే అతని చెవులకు ఏమవుతుంది? పక్కనున్న భార్యాబిడ్డల చెవులకు ఏమవుతుంది? వీటికి జవాబు చెవి వైద్యంలో ఎప్పటినుంచో ఉంది. ఇంటి రక్షణ గురించి మాట్లాడేవాళ్లు మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోరు. చట్టం గురించి మాట్లాడతారు, ఏ తూటా గోడ దాటుతుందో మాట్లాడతారు, పిస్తోలు మంచిదా షాట్‌గన్ మంచిదా అని గంటల తరబడి వాదించుకుంటారు. చెవి దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ ఒక్క మాట తప్పని చెప్పడానికే నేను ఇక్కడ నిలబడ్డాను.

అమెరికా ఇళ్లలో తుపాకులు పేలితే విశాఖపట్నంలో కూర్చుని మనకెందుకని మీరు అడగవచ్చు. ఈ హాల్లో పిల్లలు అమెరికాలో లేని పెద్దవాళ్లు తక్కువ. అక్కడి మన ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకు కూడా తెలుసు. 2011 నుంచి 2014 దాకా జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్ రాష్ట్రాల్లో ఒక ముఠా ఆసియా, భారతీయ మూలాలున్న కుటుంబాల ఇళ్లనే ఏరుకుని, ఆయుధాలతో చొరబడి దోచుకుంది. తర్వాత ఆ ముఠాను పట్టుకుని జైలుకు పంపారు. అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మనవాళ్ల వాట్సాప్ గుంపుల్లో ఏ పిస్తోలు కొనాలన్న చర్చ మొదలవుతుంది. పిస్తోలు పట్టుకోవడం సంగతి అటుంచి, దగ్గర నుంచి చూడను కూడా చూడని ఇళ్లలో పుట్టిపెరిగిన పిల్లలు పడగ్గదిలో దాన్ని పెట్టుకుని నిద్రపోతున్నారు. 2008లో హెల్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆత్మరక్షణ కోసం ఇంట్లో చేతి తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కు అని తీర్పు చెప్పింది. 2023లో ప్యూ సంస్థ జరిపిన సర్వేలో అక్కడి వయోజనుల్లో 32 శాతం మంది తమకు సొంత తుపాకీ ఉందన్నారు. తుపాకీ ఉన్నవాళ్లలో 72 శాతం మంది దాన్ని ఉంచుకోవడానికి ముఖ్య కారణం రక్షణే అన్నారు. కోట్ల ఇళ్ల సంగతి ఇది. అందులో మన ఇళ్లూ ఉన్నాయి.

ముందు చప్పుడు లెక్క చూద్దాం. డెసిబెల్ లెక్క మామూలు కూడికలా నడవదు. 20 డెసిబెల్స్ పెరిగితే గాలిలో ఒత్తిడి పది రెట్లవుతుంది. పనిచోట 8 గంటల సగటు చప్పుడు 85 డెసిబెల్స్ దాటకూడదని అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశోధించే నయోష్ సంస్థ చెబుతుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ అనుమతించే సమయం సగానికి పడిపోతుంది. 88 దగ్గర 4 గంటలు, 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలు. తుపాకీ పేలుడులాంటి చప్పుడుకు ఈ నిమిషాల లెక్క కూడా వర్తించదు. ఎంత తక్కువసేపైనా సరే, ఒత్తిడి గరిష్ఠ స్థాయి 140 డెసిబెల్స్ దాటకూడదన్నది అక్కడ పెట్టుకున్న హద్దు. పిల్లలకు 120 దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

చిన్నదిగా కనిపించే పాయింట్ 22 రైఫిలే 140 దగ్గర ఉంటుంది. ఇంటి రక్షణకు అందరూ కొనే 9 మిల్లీమీటర్ల పిస్తోలు 160కి అటూ ఇటూగా ఉంటుంది. మాగ్నమ్ రివాల్వర్లు, గొట్టం పొట్టిగా ఉన్న ఏఆర్ రకం రైఫిళ్లు దాన్నీ దాటిపోతాయి. గొట్టం పొట్టిదైన కొద్దీ మందు పూర్తిగా మండకముందే వాయువు బయటికి తన్నుకొస్తుంది, పేలుడు చెవికి దగ్గరవుతుంది. ఇంట్లో తిప్పడానికి సులువని పొట్టి గొట్టం ఎంచుకున్నవాళ్లు చెవికి మరింత చేటు కొనుక్కుంటున్నారు. మనకు తెలిసిన కొలతతో చెప్పాలంటే, మన దేశంలో టపాకాయ పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో గరిష్ఠ స్థాయి 145 డెసిబెల్స్ దాటితే దాన్ని తయారుచేయకూడదు, అమ్మకూడదు. పిస్తోలు చేయి చాచి పేల్చినా దాని మూతి మన చెవికి మీటరు దూరం కూడా ఉండదు. ఆ దూరంలో 160 డెసిబెల్స్ అంటే టపాకాయకు పెట్టిన హద్దు కంటే ఐదు రెట్లకు పైగా ఒత్తిడి.

ఇదంతా బయట మైదానంలో సంగతి. అక్కడ పేలుడు అలలు ఒక్కసారి చెవిని తాకి దూరంగా సాగిపోతాయి. ఇంట్లో అవి పోవడానికి దారి లేదు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. పడగ్గది ముందు నడవలో గోడ మీటరు దూరంలో ఉంటే 6 మిల్లీసెకన్లలో తిరిగి వచ్చి మళ్లీ చెవిని కొడుతుంది. ఎదుటి గోడ నుంచి ఇంకొకటి, పైకప్పు నుంచి మరొకటి, నేల నుంచి, మూల నుంచి... ఒక్క తూటా చెవికి ఒకదాని మీద ఒకటిగా పడే దెబ్బల వరుస అవుతుంది. పలకలు పరిచిన స్నానాల గది, పెద్దగా సామాను లేని నడవ మరీ చెడ్డవి. పరుపు, తెరలు, బట్టల అలమారు ఉన్న గది కొంత చప్పుడును పీల్చుకుంటుంది కానీ మొదటి దెబ్బను ఏదీ ఆపలేదు. 1991లో విలియం క్లార్క్ అనే శబ్ద శాస్త్రవేత్త ఒక లెక్క కట్టాడు. పెద్ద రైఫిలో షాట్‌గన్నో ఒక్కసారి పేలితే విడుదలయ్యే శబ్దశక్తి, 90 డెసిబెల్స్ హోరులో దాదాపు 40 గంటలు పనిచేసినదానికి సమానమట. రేవు కార్మికుడు వారం రోజులు పడ్డ హింస ఒక్క క్షణంలో. ఈ లెక్క నేను మొదటిసారి చదివినప్పుడు మాస్టారే గుర్తుకొచ్చారు.

ఇప్పుడు చెవి లోపలికి వెళదాం. విద్యార్థులకు తెలిసిందే అయినా సభ కోసం చెబుతాను. నత్తగుల్లలా చుట్టుకున్న కోక్లియాలో ఒక్కో చెవికి లోపలి వరుస రోమకణాలు దాదాపు 3,500, బయటి వరుసల్లో సుమారు 12,000 ఉంటాయి. పుట్టినప్పుడు వచ్చినవే చివరిదాకా ఉండాలి. పక్షుల్లో ఇవి చచ్చిపోయినా మళ్లీ పుడతాయని 1980ల చివర్లో తేలింది. మనిషికి ఆ వరం లేదు. పెద్ద చప్పుడు వస్తే చెవిలోని చిన్న కండరం ఎముకను బిగబట్టి కొంత కాపాడుతుంది. కానీ అది బిగుసుకోవడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. తుపాకీ చప్పుడు మిల్లీసెకను తిరిగేలోపే గరిష్ఠానికి చేరుతుంది. కండరం కదిలేసరికి జరగవలసింది జరిగిపోయి ఉంటుంది. ఆ ఒత్తిడికి రోమకణాల మీది సన్నని పోచలు విరుగుతాయి, కణాలు ఆధారం నుంచి ఊడిపోతాయి, ఒక్కోసారి కర్ణభేరి చిరుగుతుంది. కర్ణభేరి చిరుగు చాలాసార్లు తనంతట తానే మానుతుంది. రోగికి భయం కలిగించేది ఆ చిరుగు, ఆ కాస్త నెత్తురు. నాకు భయం కలిగించేది పైకి కనిపించని ఆ రోమకణాల నాశనం.

మొదట పోయేది 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య, ముఖ్యంగా 4 దగ్గర. ఆడియోగ్రాం గీతలో అక్కడ గుంట పడుతుంది. ఆ గుంట మన భాషకు ఏం చేస్తుందో చూడండి. అచ్చుల బలం తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. హల్లులను విడదీసి చూపేది పైన ఉంటుంది. అందువల్ల ఈ రోగికి మాట వినబడుతుంది, ఏ మాటో తెలియదు. కాలు, చాలు, తాలు, పాలు అతనికి ఒకటే. "వినబడుతోంది కానీ అర్థం కావడం లేదు" అంటాడు. ఇంట్లోవాళ్లు పరాకు అనుకుంటారు, విసుక్కుంటారు. నలుగురు కలిసి మాట్లాడే పెళ్లి భోజనాల దగ్గర అతను మౌనంగా తలవంచుకుని తింటాడు.

గుంట కూడా పడని నష్టం ఒకటుంది. 2009లో బోస్టన్‌లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ ఎలుకల మీద చేసిన పరిశోధనలో పెద్ద చప్పుడు తర్వాత వినికిడి పరీక్ష మళ్లీ మామూలుకు వచ్చింది. అయినా రోమకణాలకూ నరానికీ మధ్య ఉండే సంధుల్లో దాదాపు సగం శాశ్వతంగా పోయాయి. నిశ్శబ్దపు గదిలో హెడ్‌ఫోన్ పెట్టి చేసే పరీక్షలో ఇది దొరకదు. మనుషుల్లో దీన్ని ఎలా కొలవాలన్న చర్చ ఇంకా నడుస్తోంది. రెండు రోజులు చెవులు గింగురుమని తర్వాత సర్దుకున్నాయి, ఏమీ కాలేదులే అనేవాళ్లకు నేను ఈ ఎలుకల సంగతి తప్పకుండా చెబుతాను.

ఇక ఆ ఒక్క మాట దగ్గరికి వస్తాను. తుపాకులు ఉంచుకునేవాళ్ల మధ్య బాగా పాతుకుపోయిన నమ్మకం అది: "ప్రాణాపాయం వచ్చినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది, చెవులు వాటంతట అవే మూసుకుపోతాయి, తుపాకీ చప్పుడే వినబడదు, చెవికేమీ కాదు." ఇందులో సగం నిజం. ఆ సగం నిజమే మిగతా సగాన్ని నమ్మిస్తోంది. కాల్పుల్లో పాల్గొన్న 157 మంది పోలీసు అధికారులను ప్రశ్నించి ఎలెక్సిస్ ఆర్ట్‌వోల్ అనే మనస్తత్వవేత్త 2002లో ఎఫ్‌బీఐ పత్రికలో రాసిన వ్యాసం ఉంది. వాళ్లలో 84 శాతం మందికి శబ్దాలు తగ్గిపోయినట్టు అనిపించింది. తమ చేతిలో పేలిన తుపాకీ చప్పుడు ఎక్కడో దూరంగా చిన్న టపాకాయ పేలినట్టు తోచిందని చెప్పేవాళ్లను నేనూ చూశాను. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ చప్పుడును పక్కకు నెట్టింది మెదడు. గాలి ఒత్తిడి కర్ణభేరిని దాటి, మూడు చిన్న ఎముకలను కదిలించి, కోక్లియాలో కణాలను తెంపిన తర్వాతి సంగతి అది. మత్తుమందు ఇచ్చినవాడికి కత్తిగాటు తెలియదు, అంతమాత్రాన గాటు పడకుండా పోదు. నొప్పి లేదు కాబట్టి గాయం లేదనుకోవడం చెవి విషయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు.

సినిమా ఈ పొరపాటును పెంచి పోషించింది. మన సినిమాలైనా హాలీవుడ్‌వైనా, మూసిన గదిలో పది తూటాలు పేల్చిన కథానాయకుడు మరుక్షణం గుసగుసలాడితే పక్కవాడికి స్పష్టంగా వినబడుతుంది. ఇది చూస్తూ పెరిగినవాళ్లమే మనమంతా.

నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దమనిషి సంగతి చెబుతాను. అర్ధరాత్రి కింద కిటికీ పగిలిన చప్పుడుకు లేచాడు. మేడ మెట్ల పైన నిలబడి ఒక్కసారి పేల్చాడు. తూటా గోడకు తగిలింది, వచ్చినవాడు పారిపోయాడు. పోలీసు నివేదికలో "గాయాలు లేవు" అని రాశారు. కొన్ని వారాల తర్వాత అతను ఒకటే ఈలలాంటి హోరుతో నా దగ్గరికి వచ్చాడు. పగలు పనిలో పడి మరిచిపోవచ్చు, రాత్రి పడుకుంటే అదే లోకం. మాటల్లో తెలిసిందేమిటంటే ఆ రాత్రి అతని భార్య పక్కనే, తుపాకీ మూతికి కాస్త ముందుగా నిలబడి ఉంది. మూతికి వెనక ఉన్నవాడి కంటే పక్కన, ముందు ఉన్నవాళ్లకు చప్పుడు ఎక్కువ. ఆమెను కూడా రప్పించి పరీక్ష చేయిస్తే ఆమె నష్టం అతనికంటే పెద్దది. ఆ ఇంట్లో గాయపడినవాళ్లు ఇద్దరు. ఏ నివేదికలోనూ వాళ్లు లేరు.

చెవుల్లో హోరును చిన్న ఇబ్బంది అనుకునేవాళ్లు అమెరికా మాజీ సైనికుల శాఖ లెక్కలు చూడాలి. అక్కడ వైకల్య పరిహారం పొందుతున్న సమస్యల్లో ఏళ్ల తరబడి మొదటి స్థానం దానిదే. వినికిడి లోపం కూడా ఆ జాబితాలో పైభాగంలోనే ఉంటుంది.

ఇక్కడ నన్ను ఆపి ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా: "డాక్టరుగారూ, ప్రాణం ముఖ్యమా చెవి ముఖ్యమా? చెవుడైనా బతికుంటే చాలదా?" చాలు. నిజంగా ఆ రెండే దారులుంటే నేనూ చెవినే వదులుకోమంటాను. కానీ ఆ ప్రశ్నలో చెవిని ఒక ఆభరణంలా చూస్తున్నారు, ప్రాణం దక్కాక లెక్క చూసుకునే వస్తువులా. చీకట్లో, సొంత ఇంట్లో, ఎవరెక్కడున్నారో తెలియని ఆ నాలుగైదు నిమిషాల్లో మనిషిని బతికించేది చెవే. అడుగుల చప్పుడు ఎటు నుంచో చెప్పేది అదే, "నాన్నా, నేనే" అన్న కొడుకు గొంతు పోల్చుకునేది అదే, ఫోనులో 911 ఆపరేటరు చెప్పేది వినేది అదే. మొదటి తూటా ఆ చెవినే తీసేస్తుంది.

దీనికి రెండు సంగతులు చెబుతాను. మొదటిది 2018 జులై 30, కొలరాడో రాష్ట్రం, అరోరా నగరం. 73 ఏళ్ల వృద్ధుడు, వియత్నాం యుద్ధంలో పోరాడి పతకాలు పొందినవాడు. తెల్లవారుజామున నగ్నంగా ఉన్న ఒక అపరిచితుడు తలుపు బద్దలుకొట్టి ఇంట్లో జొరబడి, అతని 11 ఏళ్ల మనవడి మీద స్నానాల గదిలో దాడిచేశాడు. తాత పిస్తోలు తెచ్చి దుండగుణ్ణి కాల్చి చంపాడు. మనవడు బతికాడు. అప్పటికే పోలీసులు వచ్చారు, లోపల తుపాకీ పేలడం విన్నారు. ఒక చేతిలో పిస్తోలు, ఇంకో చేతిలో టార్చి పట్టుకుని వస్తున్న తాత కనిపించాడు. ఆయుధం కింద పడేయమని కనీసం 5 సార్లు అరిచారు. ఆయన పడేయలేదు. కొద్ది సెకన్లలోనే ఒక అధికారి కాల్చాడు, ఆయన చనిపోయాడు. సైన్యంలో పనిచేసినందువల్ల ఆయనకు వినికిడి బాగా దెబ్బతిని ఉందని పోలీసు అధిపతే తర్వాత చెప్పారు. ఆ అధికారి మీద నేరం మోపలేదు.

ఈ కేసు గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. యుద్ధంలో తుపాకుల మధ్య సగం పోయిన చెవి. ఆ చెవి పక్కన, ఇంట్లో, అప్పుడే పేలిన పిస్తోలు. ఆ అరుపుల్లో ఆయనకు ఎంత వినబడిందో ఎవరూ కొలవలేరు. కానీ మామూలు చెవి ఉన్నవాడికి కూడా గదిలో తుపాకీ పేల్చాక కొద్ది నిమిషాల పాటు మాటలు దూదిలోంచి వచ్చినట్టుంటాయి. మనవణ్ణి కాపాడుకున్న తాత చనిపోవలసిన రాత్రి కాదది.

రెండో సంగతి అందరికీ తెలిసినదే. 2013 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పరుగుల వీరుడు ఆస్కార్ పిస్టోరియస్ తన ఇంట్లో స్నానాల గదిని ఆనుకుని ఉన్న మరుగుదొడ్డి తలుపు మీదికి 9 మిల్లీమీటర్ల పిస్తోలుతో 4 సార్లు కాల్చాడు. లోపలున్న రీవా స్టీన్‌క్యాంప్ చనిపోయింది. దొంగ అనుకున్నానని అతను చెప్పాడు. ఆమె అరిచి ఉండాలి కదా, వినబడలేదా అని ప్రాసిక్యూటరు నిలదీస్తే, పేలుడు తర్వాత చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడలేదన్నాడు. 2015లో అప్పీలు కోర్టు దాన్ని హత్యగానే తేల్చింది. అతని వాదనను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. తలుపు వెనక ఎవరున్నారో చూడకుండా కాల్చడం ఏ చెవి వైద్యుడూ సమర్థించే పని కాదు. నేను చెప్పేది ఒకటే. పలకలు పరిచిన ఆ చిన్న చోట మొదటి తూటా పేలాక, రెండోదాన్ని ఆపగలిగే అరుపు కాల్చేవాడి చెవికి చేరుతుందన్న భరోసా ఎవరికీ లేదు. పొరపడితే దిద్దుకునే అవకాశం మొదటి తూటాతోనే సన్నగిల్లుతుంది. ఇంట్లో ఆయుధం ఉంచుకునే ప్రతి ఒక్కరూ దీన్ని ముందే తెలుసుకుని ఉండాలి.

అయితే చప్పుడునే తగ్గించరాదా అంటారు. దానికీ చరిత్ర ఉంది. 1880ల్లో మెషీన్‌గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ ఏళ్ల తరబడి దాన్ని పేల్చి పేల్చి చెవిటివాడయ్యాడు. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమే 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంటు తీసుకున్నది. 1934లో అమెరికా ప్రభుత్వం దాని మీద 200 డాలర్ల పన్ను, రిజిస్ట్రేషన్ విధించింది. వినికిడి రక్షణ చట్టం అన్న పేరుతో ఆ నిబంధనలు ఎత్తేయాలని 2015 నుంచి బిల్లులు వచ్చాయి. చివరికి 2025లో చేసిన చట్టంతో 2026 జనవరి 1 నుంచి పన్ను సున్నా అయింది, రిజిస్ట్రేషన్ మాత్రం ఉంది. ఫిన్లాండ్, నార్వేల్లో వేటగాళ్లు దీన్ని మామూలుగానే వాడతారు. చెవి వైద్యుడిగా నా అభిప్రాయం అడిగితే, సప్రెసర్ అని కూడా పిలిచే ఈ సైలెన్సర్ తగ్గించేది 20 నుంచి 35 డెసిబెల్స్. 160 నుంచి 130 దగ్గరికి తేవడం చిన్న మేలు కాదు. అది సినిమాలో చూపే తుమ్ములాంటి చప్పుడు మాత్రం కాదు, గదిలో అది ఇంకా గట్టి పేలుడే. సప్రెసర్ ఉంది కదా అని చెవులను వదిలేయమనే అమ్మకందారు మాట వినకూడదు. తుపాకీ చప్పుడు పొరుగువాళ్లను హెచ్చరిస్తుందన్న ఎదుటి పక్షం వాదననూ నేను కొట్టిపారేయను. ఆ వివాదం తేలేదాకా చెవులు ఆగవు కాబట్టి, చేతిలో ఉన్న పని చూసుకుందామంటాను.

మాస్టారే ఈ వేదిక మీద ఉంటే నన్ను ఇంకో ప్రశ్న అడిగేవారు: "అసలు ఆ తుపాకీ ఇంట్లో ఎందుకయ్యా?" అడగవలసిన ప్రశ్నే. 1998లో ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం మెంఫిస్, సియాటిల్, గాల్వెస్టన్ నగరాల్లో ఇళ్లలో జరిగిన 626 కాల్పుల ఘటనలను పరిశీలించింది. ఆత్మరక్షణకో చట్టం ఒప్పుకునే కారణానికో తుపాకీ వాడిన ప్రతి ఒక్క ఘటనకూ పొరపాటున పేలినవి 4, నేరపూరిత దాడులు, హత్యలు 7, ఆత్మహత్యలు, ఆత్మహత్యాయత్నాలు 11 ఉన్నాయని తేలింది. ఈ లెక్క ఎదురుగా పెట్టుకుని చూస్తే, పిల్లలున్న ఇంట్లో, మనసు బాగోలేనివాళ్లున్న ఇంట్లో తుపాకీ లేకపోవడమే మంచిదని నా గట్టి నమ్మకం. గట్టి తలుపు, పడగ్గదికి లోపలి గడియ, అలారం, బంగారం బ్యాంకు లాకర్లో. వీటిలో ఏదీ చెవులు తీయదు. కానీ కొన్నవాళ్లు కొన్నారు, కొనబోయేవాళ్లు కొంటారు. డాక్టరు తన మాట వినేవాళ్లకే కాదు, విననివాళ్లకూ పనికొచ్చేది చెప్పాలి.

వాళ్లకు చెప్పేది ఇది. తుపాకీ ఏ పెట్టెలో ఉంటే ఆ పెట్టెలోనే, దాని పైనే, ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్‌లు పెట్టుకోండి. వీటిలోని మైకు చిన్న చప్పుళ్లను పెంచి వినిపిస్తుంది, పెద్ద చప్పుడు రాగానే ఆ మార్గం మూసేస్తుంది. వేటగాళ్లు, పోలీసులు ఎప్పటినుంచో వాడుతున్నవే. తుపాకీ అందుకునే సమయం ఉంటే తలకు ఇవి తగిలించుకునే రెండు సెకన్లు కూడా చాలాసార్లు ఉంటాయి. ఇవి పెట్టుకున్నవాడికి తుపాకీ పేలకముందు అడుగుల చప్పుడు ఇంకా బాగా వినబడుతుంది, పేలాక పోలీసుల మాట వినబడే అవకాశం మిగులుతుంది. ఒక జత చాలదు. ఇంట్లో ఎంతమందో అన్ని జతలు, పిల్లల తలలకు సరిపోయేవి కూడా. రేంజిలో సాధన చేసేటప్పుడు లోపల ప్లగ్‌లు, పైన మఫ్‌లు రెండూ ఉండాలి. సరిగా చొప్పించని ప్లగ్ ఉన్నా లేనట్టే. యుద్ధరంగంలో వాడిన ఇయర్‌ప్లగ్‌లు పనిచేయలేదని అమెరికా సైనికులు వేసిన దావాల్లో త్రీఎం కంపెనీ, తప్పు ఒప్పుకోకుండానే, 2023లో సుమారు 600 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. కాబట్టి కొన్న వస్తువు తన చెవికి సరిపోయిందో లేదో ఎవరికి వారు పరీక్ష చేయించుకోవాలి.

అయినా అడ్డేమీ లేకుండా పేల్చవలసి వస్తే, ఆ తర్వాత "సర్దుకుంటుందిలే" అని కూర్చోవద్దు. హోరు, దిబ్బడ, మాటలు మసకగా వినబడడం ఉంటే ఒకటి రెండు రోజుల్లో చెవి డాక్టరును చూడాలి. కొందరికి స్టెరాయిడ్లు ఇస్తాం. వాటి ఫలితం గురించి గట్టి హామీ ఇవ్వలేం కానీ, పనిచేసేదేమైనా ఉంటే అది తొలి రోజుల్లోనే. ఆ వారాల్లో మళ్లీ పెద్ద చప్పుడు దగ్గరికి పోకూడదు. హోరు స్థిరపడినవాళ్లకు మందు లేదు, దానితో బతకడం నేర్పే చికిత్సలున్నాయి, అవి నిజంగా ఉపయోగపడతాయి. ఇంట్లో పేలినప్పుడు దగ్గరున్న ప్రతివాళ్లనూ, పాపాయిని కూడా, పరీక్షకు తీసుకురావాలి. పిల్లలు తమ చెవుల్లో హోరు ఉందని చెప్పలేరు. అందరికీ అలాగే ఉంటుందనుకుంటారు.

ఈ సభలో ఉన్న తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ ఆదివారం పిల్లలతో వీడియోలో మాట్లాడేటప్పుడు ఇంట్లో తుపాకీ ఉందా అని అడగండి. ఉందంటే కోప్పడకండి, కోప్పడితే ఇంకోసారి నిజం చెప్పరు. అది తాళంలో ఉందా, పక్కన ఇంటిల్లిపాదికీ చెవి రక్షణ ఉందా అని అడగండి. లేదంటే ఆ వారంలోనే కొనమనండి. యువ వైద్యులారా, చెవుల్లో హోరుతో వచ్చిన ప్రతి రోగినీ మాస్టారి ప్రశ్న అడగండి, నేను చేర్చిన ప్రశ్న కూడా అడగండి. జవాబును కేసు షీటులో రాయండి.